మాస్కులో మసక

మాస్కులో ఉమ్మెయ్యడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ముందు అద్దం పొడిగా ఉండాలి. తడి అద్దం మీద ఉమ్మి నిలవదు. వేసిన ఉమ్మిని బొటనవేలితో మూలమూలకీ రుద్ది, ఊపిరి తీసి వదిలినంతసేపు ఆగి, నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, వెంటనే ముఖానికి పెట్టేసుకోవాలి. శుభ్రం మీద మోజుకొద్దీ ఇంకోసారి కడిగితే పడ్డ శ్రమంతా వృథా. అద్దానికి ఆవిరి పట్టకుండా ఇంతకన్నా మంచి మందు ఎవరూ కనిపెట్టలేదని అక్వేరియంలో అందరూ అంటారు. ఆమె ఈ పని రోజూ పొద్దున్నే, పెద్ద తొట్టి పైనున్న చెక్క గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. ఆ పొద్దున కూడా అలాగే చేసింది.

అయినా నీళ్ళలోకి దిగిన కాసేపటికే ఎడమ అద్దం కిందిమూల తెల్లబడింది.

మొదట గోరంత. తర్వాత అరచేయంత. ఎదురుగా ఈదుతున్న చేపలు ముందు రంగులు పోగొట్టుకున్నాయి, ఆ తర్వాత అంచులు పోగొట్టుకున్నాయి. ఆమె మాస్కు పై అంచు కాస్త ఎత్తి, గుక్కెడు నీళ్ళు లోపలికి రానిచ్చి, తల అటూ ఇటూ ఊపి అద్దాన్ని కడిగి, మొహం పైకెత్తి ముక్కుతో గట్టిగా ఊది ఆ నీళ్ళని బయటికి తోసేసింది. లోకం మళ్ళీ తేటపడింది. చేతిలో స్పాంజితో తొట్టి గోడకు పట్టిన పాచి రుద్దడం మొదలుపెట్టింది. రెండంతస్తుల ఎత్తు గాజుగోడ అది. తలుపులు తీసి జనాన్ని వదిలేలోగా దాన్నంతా తళతళలాడించాలి. నాలుగు బారలు రుద్దిందో లేదో మళ్ళీ మసక. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఊదడం. ఆ పూట అదే పనైపోయింది. చివరికి బొటనవేలు పైకి చూపించి, పని సగంలో వదిలేసి పైకి తేలింది. ఒకరు తేలితే రెండోవారూ తేలాలన్నది అక్కడి నియమం కాబట్టి ఆమెతో జంటగా దిగే చిలక కూడా వెనకాలే వచ్చింది. చిలక అన్నది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. నోట్లోంచి గాలిగొట్టం తీసిన మరుక్షణం మొదలుపెట్టి, మళ్ళీ పెట్టుకునేదాకా వాగుతుంది కాబట్టి అలా పిలుస్తారు.

ఆమెకీ ఒక పేరుంది. వెనకాల మూగనోము అంటారు. అంటారని ఆమెకు తెలుసు. ఏదైనా అడిగితే ఊఁ అనో ఊహూఁ అనో చెబుతుంది, నవ్వితే కళ్ళతో నవ్వుతుంది. దాన్ని గర్వమన్నవాళ్ళు ఉన్నారు. గర్వమేమీ కాదు. దాచుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంటికెళ్ళి అక్క ముందు కుమ్మరించేది. పగలు ఖర్చు చేస్తే సాయంత్రానికి మిగలవేమో అన్నట్టుండేది.

ఇలా మాట్లాడని మనిషి కావడమే కొంప ముంచింది.

అద్దం మసకబారడం మొదలైన కొత్తలో ఒకరోజు మేనేజరు మెట్ల మీద ఎదురై, తొట్టి కుడిమూల ఇంకా పచ్చగానే ఉందేమిటి మేడమ్, చూసేవాళ్ళు ఫొటోలు తీసి పెడుతున్నారు అన్నాడు. ఊఁ అని తప్పుకుపోవచ్చు. ఆ రోజు ఎందుకో, పని సరిగ్గా చెయ్యలేదన్న మాట గుచ్చుకుని, "మాస్కులు సరిగ్గా కడుగుతున్నట్టు లేదు సార్" అంది. అంతే. ఆ తర్వాత ఆమె ఆ సంగతి మరిచిపోయింది కూడా.

మాస్కులు కడిగేది బాబాయి. సామాన్ల గదిలో సిలిండర్లు నింపడం, రబ్బరు సూట్లు ఆరేయడం, మాస్కులు కడగడం ఆయన పని. అందరికీ బాబాయే. నీళ్ళలోకి దిగేవాళ్ళూ తేలేవాళ్ళూ ఆ గది గుండానే వెళ్ళాలి. వెళ్ళే ప్రతివాళ్ళనీ ఆపి ఒక మాటో ఒక ఎకసెక్కమో విసరందే ఆయనకు తిన్నది అరగదు. ఆమెను కూడా ఆపేవాడు. జవాబు రాదని తెలిసి, ఆమె బదులు కూడా తానే చెప్పుకునేవాడు. "ఏం తల్లీ, నీళ్ళు చల్లగా ఉన్నాయా? ఉన్నాయి బాబాయ్. మరి సూటు మందంది వేసుకోకపోయావా? మరిచిపోయాను బాబాయ్. సరేలే, రేపు గుర్తుచేస్తా." అలా ఇద్దరి మాటలూ ఒక్కడే మాట్లాడి సాగనంపేవాడు.

ఆ బాబాయిని వచ్చే వారం నుంచి కింద పంపుల గదికి మారుస్తున్నారని ఆ పొద్దున చిలక చెప్పింది. పంపుల గదంటే నేలమాళిగ. తొట్టి నీళ్ళని రాత్రింబవళ్ళు తిప్పే యంత్రాల మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. చెవులకు మూతలు పెట్టుకుని మీటర్ల ముళ్ళు చూస్తూ కూర్చోవాలి. అటువైపు ఎవరూ వెళ్ళరు.

"మాస్కులు కడగడం చేతకావట్లేదని ఎవరో చెప్పారట," అంది చిలక, జుట్టు పిండుకుంటూ. "ఊరికే కంప్లయింట్లు చేసే మనిషి కాదు, ఆవిడే నోరు విప్పిందంటే నిజమే అయ్యుంటుందన్నాడట మేనేజరు. ఎవరక్కా ఆ మహాతల్లి?"

ఆమె కాళ్ళకున్న రెక్కల చెప్పులు విప్పుతోంది. పట్టీ ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

సామాన్ల గదిలో బాబాయి ఆమె మాస్కు అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇవాళా పట్టిందా అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన ఎప్పటిలా ఆమె బదులు జవాబు చెప్పలేదు. ఎవరు చెప్పారో ఆయనకు తెలుసో తెలియదో ఆ ముఖంలో ఏమీ కనపడలేదు. మాస్కును సబ్బునీళ్ళలో వేసి, ఆ నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు.

తప్పు బాబాయిదేనని నిరూపణైతే బాగుండునని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ ఆ కోరిక పోలేదు. మాస్కు నిజంగా ఆయన కడగడం వల్లే పాడైతే తను అన్నది ఒక నిజం మాత్రమే అవుతుంది. కాకపోతే అదేమవుతుందో ఆలోచించడానికి మనసొప్పలేదు. సాయంత్రం మాస్కును సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

తాళంచెవి చేతిలోనే ఉన్నా ముందు బెల్లు నొక్కింది. నొక్కాక గుర్తొచ్చింది. రోజూ నొక్కాకే గుర్తొస్తుంది. లోపల బెల్లు మోగి, ఊరుకుంది.

అక్క పెళ్ళి చేసుకుంది. యాభై దాటాక, ముందు పెళ్ళి తాలూకు మనిషి పోయి ఇన్నేళ్ళయ్యాక, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే నెమ్మదస్తుణ్ణి ఒకాయన్ని చేసుకుని, బస్సులో గంట దూరంలో కాపురం పెట్టింది. సాక్షి సంతకం ఆమే పెట్టింది. పువ్వులు ఆమే తెచ్చింది. నలుగురూ సంతోషించారు, అందరికన్నా ఎక్కువ ఆమే సంతోషించింది. ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ పోట్లాడి వెళ్ళలేదు. ఇల్లు ఖాళీ అయిందని బాధపడటానికి ఆమె చేతిలో కారణమంటూ ఒక్కటీ లేదు.

వంటింటి గట్టు మీద దీపం కింద కూర్చుని మాస్కు ముందేసుకుంది. కొత్త మాస్కు అద్దానికి తయారీలో అంటుకున్న జిడ్డు పొర ఒకటుంటుంది. అది పోనంతకాలం ఎవరెంత ఉమ్మినా లాభముండదు. ఇది పాతదే అయినా, ఆ పొర ఎక్కడో మిగిలిందేమో అనుకుంది. పాత బ్రష్షు మీద టూత్‌పేస్టు వేసి, గుండ్రంగా, విసుగు లేకుండా తోమింది. కడిగి, ఆరబెట్టి, లైటర్ వెలిగించి మంటను అద్దం లోపలివైపు తాకీ తాకనట్టు తిప్పింది. అద్దం నల్లబడింది. వేలితో తుడిస్తే మసి వదిలి, కింద గాజు నీలంగా మెరిసింది. రబ్బరు అంచు కమురుకోకుండా మంటను తిప్పడంలో ఒక ఒడుపుంది. ఆ ఒడుపు చూసి అక్క మెచ్చుకునేది. అక్కడ కూర్చునే చూసేది, కత్తిపీట పక్కన.

అంతలో ఫోను మోగింది. అక్కే.

"ఎలా ఉన్నాడే మీ ఆయన?" అంది.

మీ ఆయనంటే పెద్ద తొట్టిలోని ముసలి చేప. ఇంత నోరేసుకుని, ఎవరినీ లెక్కచెయ్యకుండా, రాతి గుహ ముందు కాపలావాడిలా తేలుతుంటుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు కాబట్టి అక్క దానికా వరస అంటగట్టింది. ఇవాళ మీ ఆయన ఏం తిన్నాడు, ఎవరిమీద అలిగాడు, నీ చెయ్యి కొరికాడా అని ప్రతి సాయంత్రం అడిగేది. ఆమె చెప్పేది. చెబుతూ చెబుతూ చేప నుంచి చిలక మీదికి, చిలక నుంచి గాజుకు ముక్కులు ఆనించి చూసే పిల్లల మీదికి, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికో పోయేది.

"బాగానే ఉన్నాడు," అంది ఆమె. "మరి మీ ఆయన?"

"గురకపెట్టడు. అదొక్కటీ చాలు." అక్క నవ్వింది. ఆ నవ్వు వెనక ఒక మగగొంతు ఏదో అడిగింది, అక్క అటు తిరిగి జవాబు చెప్పి మళ్ళీ ఇటు వచ్చింది. "ఇంకేంటే సంగతులు?"

సంగతులు చాలా ఉన్నాయి. అద్దం సంగతి ఉంది, బాబాయి సంగతి ఉంది. చెబితే అక్క వెంటనే బస్సెక్కుతుంది. సందేహం లేదు. ఎక్కాక అక్కడ ఆయన ఒక్కడే భోంచేస్తాడు.

"ఏమున్నాయి, అన్నీ మామూలే," అంది ఆమె, లైటర్ మూత తెరుస్తూ మూస్తూ.

మర్నాడు పొద్దున బాబాయి కొత్త మాస్కొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెండుసార్లు కాల్చి, పేస్టుతో తోమి, ఒక పూట నానబెట్టి తనే సిద్ధం చేశానన్నాడు. వెళ్ళేలోగా దీన్ని బాగుచెయ్యకుండా వెళ్ళడం తనకిష్టం లేదన్నాడు. గోడకున్న ఆయన రేడియో అప్పటికే కిందికి దిగి, అట్టపెట్టెలో పాతగుడ్డల మధ్య కూర్చుంది. కుర్చీ మీది దిండు కూడా పెట్టెలోకి చేరింది.

ఆ కొత్త మాస్కూ మసకబారింది.

ఆమె చిలక భుజం తట్టి, మాస్కులు మార్చుకుందామని చేత్తో సైగ చేసింది. ఇద్దరూ పైకి తేలి మార్చుకుని మళ్ళీ దిగారు. చిలక మాస్కు ఏనాడూ మసకబారి ఎరగదు. అది ఆమె ముఖానికి ఎక్కాక, ముసలి చేపకు మేత అందించి గాజుగోడ దగ్గరికి చేరేలోగా ఎడమమూల తెల్లబడింది. అటు చూస్తే, ఆమె మాస్కు పెట్టుకున్న చిలక హాయిగా ఇసుక మీది చెత్త గొట్టంతో పీలుస్తోంది. ఆ అద్దాల వెనక కళ్ళు కాటుకతో సహా కనిపిస్తున్నాయి.

గట్టెక్కాక ఆమె చాలాసేపు కూర్చుంది. చిలక కూడా కూర్చుంది. ఆశ్చర్యం, మాట్లాడకుండా కూర్చుంది.

"మాస్కుది కాదు," అంది ఆమె చివరికి.

"కాదక్కా."

"నీకు తెలుసా?"

చిలక తడి చేతివేళ్ళ ముడతలు చూసుకుంది. "నువ్వు ముక్కుతో గాలి వదులుతున్నావు. ఆ వెచ్చటి ఊపిరే అద్దానికి పడుతోంది. నీ మాస్కు పక్కనుంచి బుడగలు రావడం చూస్తూనే ఉన్నా."

"నిన్నా మొన్న నేర్చుకున్నదాన్నా నేను, ముక్కుతో వదలడానికి?"

"అదికాదు. నువ్వు మాట్లాడుతున్నావక్కా లోపల. నోట్లో గొట్టం ఉంటే పెదాలాడవు కదా, మాటంతా ముక్కులోంచే వస్తుంది. నాకు వినిపిస్తుంది. నీళ్ళలో గొంతు దూరం పోతుంది. ఏం మాటలో తెలీదు గానీ, వరసగా... ఎవరికో కథ చెబుతున్నట్టు." ఆ అమ్మాయి తలెత్తలేదు. "నాతో కాదని తెలిసి ఊరుకున్నా. బయట ఒక్క మాట మాట్లాడని మనిషివి, పోనీ అక్కడైనా మాట్లాడుకోనీ అనుకున్నా. బాబాయి మెడకు చుట్టుకుంటుందని నాకేం తెలుసు?"

ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది, ఇప్పుడేదో దొర్లిపోతుందన్నట్టు. గుర్తుచేసుకోబోతే నిజంగానే గుర్తొచ్చింది. ఇవాళ మీ మరిదికి అలక తీరలేదే, మేత ముట్టుకోలేదు. చూడు, ఆ పిల్లాడు గాజుకు నాలుక పెట్టాడు. కుడిమూల మళ్ళీ పచ్చబడుతోందక్కా. ఇవన్నీ తలపులనుకుంది తను. గొంతు దాటాయని తెలియలేదు.

తెలిశాక చెయ్యాల్సిన పని ఒక్కటే. మేనేజరు గదికి వెళ్ళి మాస్కులు బాగానే ఉన్నాయని చెప్పడం. కానీ మరి మసక ఎందుకు పట్టిందని అడుగుతాడు. నీళ్ళ కింద తనలో తాను మాట్లాడుకునే మనిషిని తొట్టిలోకి దింపుతారా? డాక్టరు దగ్గరికి పంపుతారు, దిగడం ఆపేస్తారు. ఆ తొట్టి తప్ప ఆమెకు రోజులో ఇంకేముంది? మధ్యాహ్నమంతా ఆ ఆలోచన తిరుగుతూనే ఉంది. ఇంతలో బాబాయి అట్టపెట్టె చంకన పెట్టుకుని కిందికి దిగే మెట్ల దగ్గర కనిపించాడు. వారం మొదలయ్యేదాకా ఆగనివ్వలేదట. మెట్ల మీద ఎవరూ ఎదురుకాలేదు కాబట్టి ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. కింద తలుపు తెరుచుకోగానే యంత్రాల మోత ఒక్కసారి పైకి ఎగదన్నింది. మూసుకోగానే ఆగిపోయింది. మోతతో పాటు ఆయన కూడా ఆగిపోయినట్టుంది.

ఆమె మేనేజరు గదికి వెళ్ళింది.

ఆయన కుర్రవాడు, చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు. ఆమె నిలబడే చెప్పింది. మాస్కుల్లో లోపం లేదు, తను ముక్కుతో గాలి వదులుతోంది, మాట్లాడటం వల్ల.

"మాట్లాడటమేమిటి మేడమ్? నీళ్ళలోనా? ఎవరితో?"

"మా అక్కతో."

ఆయన ముఖం గంభీరంగా పెట్టి గొంతు తగ్గించాడు. "అయ్యో. ఎప్పుడు పోయారు?"

"పోలేదు సార్. పెళ్ళి చేసుకుంది."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. నవ్వి, సర్దుకుని, మీ మంచితనం నాకర్థమైందన్నాడు. ఆయన్ని కిందికి పంపించామని మీకు మనసు బాగోలేదు, అందుకని తప్పు మీ మీద వేసుకుంటున్నారు. మీరు మాట్లాడటమేమిటి, ఇన్నాళ్ళలో మీ గొంతు నేను విన్నదే రెండోసారి. ఆ మొదటిసారి అన్నమాట అబద్ధమంటే ఎవరు నమ్ముతారు?

ఆనాడు అనాలోచితంగా అన్న ఒక్క ముక్కను ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. ఇవాళ ఇంత కూడగట్టుకుని చెప్పిన నిజం ఆ బల్ల మీద చెల్లకుండా పడి ఉంది. ఆమె దాన్ని అక్కడ వదిలి రాలేకపోయింది.

"రేపు పొద్దున తలుపులు తీసేలోగా కిందికొచ్చి గాజు ముందు నిలబడండి," అంది. "మీరే చూద్దురు గాని."

మర్నాడు ఆయన వచ్చాడు. జనం లేని హాల్లో, నీలపు వెలుతురులో, ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె కొత్త మాస్కులో ఉమ్మి, రుద్ది, ముంచి, పెట్టుకుని దిగింది. చిలక ఆమె వెనకే, చేతికందేంత దూరంలో తేలుతోంది. గాజు దగ్గరికి చేరి, మేనేజరు ముఖానికి ఎదురుగా నిలిచింది. నోటితో తీసుకుని నోటితో వదిలింది, చదువుకున్న పాఠంలా. అద్దాలు తేటగా ఉన్నాయి. ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. వేలితో మాస్కు చూపించింది. చూశాను అన్నట్టు ఆయన తలూపాడు.

ఇప్పుడు మాట్లాడాలి.

మాట రాలేదు. అక్కా అనుకుంది, ఆ తర్వాత ఏమీ తోచలేదు. తెలియకుండా ఇన్నాళ్ళు ఏరులా పారింది, కావాలని పిలిస్తే ఒక్క చుక్క లేదు. ముసలి చేప వచ్చి ఆమె మోచేతి దగ్గర ఆగి, మేత లేదని గ్రహించి వెళ్ళిపోయింది. అవతల మేనేజరు చేతిగడియారం చూసుకున్నాడు.

అప్పుడు హాలు చివర తలుపు తీసుకుని బాబాయి వచ్చాడు. చెవిమూతలు మెడకు వేలాడుతున్నాయి. రమ్మని చిలక చెప్పి ఉంటుంది. దగ్గరికి రాకుండా, పిలవని చోటికి వచ్చినవాడిలా, మేనేజరుకు నాలుగడుగులు వెనక నిలబడ్డాడు.

"బాబాయ్," అంది ఆమె.

రబ్బరు ముక్క కొరికిపట్టిన పళ్ళ వెనక అది మాటలా లేదు, మూలుగులా ఉంది. నేనే చెప్పాను బాబాయ్. నీ తప్పేం లేదు, నువ్వు బాగానే కడిగావు. రోజూ నన్నాపి అడిగేవాడివి, ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. నీళ్ళు చల్లగా ఉంటాయి బాబాయ్, మందం సూటు వేసుకున్నా చల్లగానే ఉంటాయి. ఇంటికెళ్ళి బెల్లు కొడతాను. ఎవరూ లేరని తెలిసే కొడతాను. అక్క పెళ్ళిలో పువ్వులు నేనే తెచ్చాను.

ఎడమమూల తెల్లబడింది. ఆమె ఆపలేదు. మేనేజరు గుండీలు పోయాయి, చొక్కా పోయింది. వెనకున్న ముసలాయన ఒక నీడై, ఆ నీడా చెదిరిపోయింది. అద్దాలు రెండూ పాలమీగడలా మూసుకుపోయాక కూడా చెబుతూనే ఉంది. ఎవరున్నారో, ఎవరు వెళ్ళిపోయారో కనపడని ఆ తెలుపులో, చెప్పవలసిందంతా చెప్పి, ఆగింది.

తర్వాత మాస్కు పై అంచు ఎత్తి గుక్కెడు నీళ్ళు రానిచ్చింది. తల ఊపి, మొహమెత్తి, ఊదింది.

మేనేజరు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. సామాన్ల గది తాళాలగుత్తి తీసి, వెనక్కి తిరిగి, బాబాయి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆమెను చూపించి, పైకి, తన గది వైపు వేలు చూపించాడు: పనయ్యాక రండి. అది ఏ పిలుపో ఆమెకు తెలుసు. తలూపింది. ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

బాబాయి వెళ్ళలేదు. తాళాలు పట్టుకుని గాజు దగ్గరికంటా వచ్చాడు. ఆమె ముఖానికి సూటిగా ముఖం పెట్టి, ఏదో అనడం మొదలుపెట్టాడు. ఒక మాట కాదు, చాలా మాటలు. పెదాలు కదులుతున్నాయి, కనుబొమలు లేస్తున్నాయి, మధ్యలో ఒకసారి ఆగి, తలాడించి, మళ్ళీ అందుకున్నాడు. ఈసారి ఇద్దరి మాటలూ తానే అంటున్నాడో, తనవి మాత్రమే అంటున్నాడో తెలియలేదు. గాజు మందం గుండా ఏదీ వినపడలేదు. ఆయన నోటి ఎదురుగా, గాజు మీద, ఊపిరి తగిలి చిన్న తెల్లటి మచ్చ పడింది.

అలవాటుగా ఆమె చేతిలో స్పాంజి అక్కడికి వెళ్ళింది. రుద్దింది. పోలేదు. ఇంకోసారి రుద్దింది.

అది అటువైపుది.

వెనకనుంచి చిలక ఆమె భుజం తట్టి, పైకి పోదామా అని బొటనవేలు చూపించింది. ఆమె అరచెయ్యి తెరిచి, ఆగమంది. స్పాంజి దించి, నోటితో మెల్లగా గాలి వదులుతూ, ఆ మచ్చ వెనక కదులుతున్న పెదాలకేసి చూస్తూ ఉండిపోయింది.